పదవ తరగతిలో బడి మార్చవచ్చునా?



దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన రోజున పదవ తరగతి బిడ్డ కడుపునొప్పి అంటాడు. మరునాడు తలనొప్పి అంటాడు. ఆదివారము మాత్రము ఏ నొప్పీ ఉండదు. అటువంటి బిడ్డను బద్ధకస్తుడని తిట్టక ముందు, బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో అడగండి. ఎదురుగా నిలబెట్టి అడిగితే చెప్పడు. పొలానికి వెంటబెట్టుకొని వెళ్లినప్పుడో, రాత్రి పక్కలు వేసుకొన్నాకో అడిగితే కొంచెం కొంచెంగా చెబుతాడు.

మన నర్సీపట్నం బడులకు రోలుగుంట, గొలుగొండ, మాకవరపాలెం, నాతవరం వైపు నుండి ఆటోల్లోను బస్సుల్లోను పిల్లలు వస్తారు. చింతపల్లి, కొయ్యూరు వైపు నుండి కొండ దిగి వచ్చి హాస్టళ్లలో ఉండి చదివేవారూ ఉన్నారు. ఒకరి యాస, ఒకరి రంగు, ఒకరి కులము, ఒకరి తండ్రి చేసే పని, ఏదైనా సరే, ఏడిపించడానికి సాకే. “రోషముంటే తిరిగి కొట్టు” అని తండ్రి అంటాడు. “నాలుగు నెలలు ఓర్చుకో నాయనా, పరీక్షలైపోతాయి” అని తల్లి అంటుంది. రెండూ ప్రేమతో చెప్పిన మాటలే. కాని అయిదుగురు కలిసి ఒకడిని పట్టుకొన్నచోట రోషము పనిచేయదు. నాలుగు నెలలనేది పెద్దవారి లెక్క. రోజూ అవమానపడే బిడ్డకు ఆ లెక్క తెగదు.

నార్వే దేశములో 1982 చివర ముగ్గురు బాలురు ప్రాణాలు తీసుకొన్నారు. తోటిపిల్లల వేధింపులే కారణమని అక్కడివారు భావించారు. మరుసటి సంవత్సరమే దేశమంతటా బడులలో దీనిని అరికట్టే పని మొదలైంది. ఆ పనికి ఆధారమైన డాన్ ఓల్వేయుస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బోధించినది ఇదే: బలాబలాలు సమానముగా లేనప్పుడు అది పిల్లల మధ్య తగవు కాదు, పెద్దలు కల్పించుకోవలసిన విషయము.

కనుక మొదట చూడవలసినది, బాధ ఎక్కడ జరుగుతున్నదని. తరగతిలోనా, హాస్టల్‌లోనా, బస్సులోనా? హాస్టల్‌లో అయితే బడి మార్చనక్కరలేదు, హాస్టల్ మాన్పించి బంధువుల ఇంట ఉంచితే చాలు. తరగతిలో అయితే ప్రధానోపాధ్యాయునికి నోటిమాటగా కాదు, తేదీలతో కాగితము మీద రాసి ఇవ్వండి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. ఒంటరిగా వెళ్లడానికి జంకేవారు కాపరిగారిని వెంట రమ్మనండి. దెబ్బలు, కులము పేరుతో దూషణ వరకు పోతే చట్టమున్నది. పిల్లల కోసము 1098 నంబరూ ఉన్నది.

అయినా మారకపోతే బడి మార్చవచ్చును. అయితే వేళ చూచుకోవాలి. పదవ తరగతి పిల్లల పేర్లు, మీడియము, భాషలు అన్నీ నామినల్ రోల్స్‌లో చేర్చి బడివారే పరీక్షల శాఖకు పంపుతారు. ఫీజు కట్టే గడువు సాధారణముగా నవంబరు, డిసెంబరు నెలల్లో ఉంటుంది. అది కాకముందే టి.సి. తీసుకొని కొత్త బడిలో చేర్చాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టము టి.సి. వెంటనే ఇమ్మని చెప్పేది ఎనిమిదవ తరగతి వరకే. పదవ తరగతి బిడ్డ విషయములో ఫీజు బకాయి చూపి బిగబట్టే బడులున్నాయి; అప్పుడు అనకాపల్లిలోని జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయానికి వెళ్లక తప్పదు. రాష్ట్ర సిలబస్ నుండి రాష్ట్ర సిలబస్‌కే మార్చండి, పుస్తకాలైనా అవే ఉంటాయి. సి.బి.ఎస్.ఇ.లో పిల్లల పేర్లు తొమ్మిదవ తరగతిలోనే నమోదవుతాయి, ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఒక సంగతి చాలామంది మరచిపోతారు. మనది చిన్న ఊరు. బడి మారినా ట్యూషను అదే, ఆటో అదే, ఫోనులోని గ్రూపూ అదే అయితే పాత బాధ వెంటే వస్తుంది. వాటిని కూడా మార్చాలి. అన్నిటికంటె ముందు, వెళ్లడము ఇష్టమేనా అని బిడ్డనే అడగాలి. “తప్పు చేసింది వాళ్లు, పంపించేది నన్నా?” అని బిడ్డ అంటే ఆ ప్రశ్న న్యాయమైనదే. ఏడిపించే పిల్లలు కూడా ఎవరో ఒకరి బిడ్డలు, ఒక్కొక్కసారి మన సంఘములోని వారి బిడ్డలే. వారి తల్లిదండ్రులతో ఆ మాట చెప్పడానికి పెద్దలు మొగమాటపడరాదు.

నామినల్ రోల్స్ వెళ్లిపోయాక హాల్ టికెట్టు పాత బడి పేరు మీదనే వస్తుంది. అప్పుడిక టి.సి. జోలికి పోవద్దు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏ ఉపాధ్యాయుడు కనిపెట్టి చూడాలో ప్రధానోపాధ్యాయునితో మాట్లాడుకోండి. పరీక్షా కేంద్రములో ఏడిపించిన పిల్లలే పక్క గదిలో ఉండవచ్చును. ఆ రోజుల్లో తండ్రి పని మానుకొని ఉదయము గేటు వరకు వెంట వెళ్లాలి, మధ్యాహ్నము గంట కొట్టే వేళకు మళ్లీ అక్కడ నిలబడి ఉండాలి. రాగానే ఎలా రాశావని అడగవద్దు. ముందు కాసిని మజ్జిగ ఇవ్వండి.