ప్రాజెక్టు నలుగురిది... పని ఒక్కడిది!

కాలేజీల్లో బైండింగుకే పరిమితమవుతున్న టీమ్ ప్రాజెక్టులు
కోడ్ ఏఐ రాసిచ్చే రోజుల్లో మార్కులు దేనికివ్వాలి?

చివరి సెమిస్టర్ వచ్చిందంటే బళ్లారి, రాయచూరు, హోసూరు, బరంపురం... ఊరేదైనా ఇంజినీరింగ్ కాలేజీ దగ్గరి జిరాక్స్ అంగళ్లు కళకళలాడతాయి. బంగారు అక్షరాల అట్ట, లోపల సర్టిఫికెట్, గైడ్ సంతకం, అందరికీ కృతజ్ఞతలు, ఆ తర్వాత పేజీలే పేజీలు. అట్ట మీద నాలుగు పేర్లు. తీరా వైవాలో ఎక్స్‌టర్నల్ ప్రశ్న వేయగానే ముగ్గురి చూపూ నాలుగోవాడి మీదికే పోతుంది. 'అంతా వాడే చేశాడు సార్' అని పైకి అనరు గానీ ఆ చూపే చెప్పేస్తుంది. ఆ నాలుగోవాడూ నీళ్లు నమిలితే ప్రాజెక్టు బయటి నుంచి వచ్చిందన్నమాట.

ఎక్కడి నుంచి వస్తుందో అందరికీ తెలిసిన రహస్యమే. హైదరాబాద్ అమీర్‌పేటలో, బెంగళూరు, చెన్నైలలో ప్రాజెక్టు సెంటర్లు ఏళ్లుగా ఈ వ్యాపారం చేస్తున్నాయి. 'ఐఈఈఈ టైటిల్' ఒకటి ఎంచుకుంటే చాలు... కోడ్, రిపోర్టు, పీపీటీ కట్టగట్టి ఇచ్చేస్తారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఆ ప్రయాణం, బేరం కూడా తప్పాయి. హాస్టల్ గదిలో కూర్చుని అడిగితే కోడ్ వస్తుంది, రిపోర్టూ వస్తుంది.

అలాంటప్పుడు నలుగుర్ని ఒక బ్యాచ్‌గా కట్టి, నెలల తరబడి ప్రాజెక్టు చేయించడం ఎందుకు? కోడ్ రాయించడానికే అయితే నిజంగానే అక్కర్లేదు. అసలది కోడ్ కోసం పెట్టింది కాదు. గొడవంతా ఇక్కడే ఉంది.

కష్టం కోడ్‌లో లేదు

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది 1968లో. జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఆధ్వర్యంలో జరిగిన సదస్సు అందుకు కారణం. పెద్ద పెద్ద ప్రోగ్రాములు గడువుకు పూర్తి కాక, ఖర్చు అదుపు తప్పి, చేతికొచ్చాక సరిగ్గా పని చేయక నిపుణులు తల పట్టుకున్న రోజులవి. ఐబీఎంలో ఓఎస్/360 పనిని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో తన అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి ఇంకా మనుషుల్ని దించితే అది మరింత ఆలస్యమవుతుందన్నది ఆయన తేల్చిన సంగతి. లెక్క కూడా సులువే. నలుగురున్న టీమ్‌లో ఇద్దరిద్దరు మాట్లాడుకోవాల్సిన జంటలు 6. పదిమంది అయితే 45. పని పెరగకపోయినా మాటలు అన్ని రెట్లు పెరుగుతాయి.

అంటే నేర్పాల్సింది ఈ మాటల సంగతి. ఎవరు ఏం చేస్తున్నారు, ఒకరు మార్చింది మరొకరికి ఎలా తెలియాలి, వాడేవాడికి నిజంగా కావల్సిందేమిటి? పుస్తకం చదివితే వచ్చేది కాదిది. నలుగురూ కలిసి ఒకసారి దెబ్బతింటేనే తెలుస్తుంది.

బళ్లారి జీన్స్ యూనిట్‌నే తీసుకుందాం. కటింగ్ ఒకచోట, కుట్టుపని ఇంకోచోట, వాషింగ్ మరోచోట. కూలి పీసు లెక్కన. లెక్కంతా నోటు పుస్తకంలో. ఒక బ్యాచ్ పిల్లలు వెళ్లి సాఫ్ట్‌వేర్ చేసిస్తామంటే ఓనరు ఏమంటాడు? 'లెక్క కనపడితే చాలప్పా' అంటాడు. పిల్లలు సంబరంగా లాగిన్ పేజీ, రంగులు, రిపోర్టులు సిద్ధం చేసుకుని వెళ్తారు. అప్పుడాయన అసలు ప్రశ్న వేస్తాడు. 'వాషింగ్‌కు వెయ్యి పీసులు పంపితే తొమ్మిది వందల తొంభై తిరిగొచ్చాయి. ఆ పది ఎవరి ఖాతాలో రాయాలి?' పిల్లలు వేసుకున్న టేబుల్‌లో ఆ పదింటికి చోటే ఉండదు. డేటాబేస్ చేసినవాడు మార్చాలి, స్క్రీన్లు చేసినవాడికి చెప్పాలి, టెస్ట్ చేసే అమ్మాయి మళ్లీ మొదట్నుంచీ చూడాలి. అప్పటికి రివ్యూ వారం రోజుల్లోకి వచ్చేస్తుంది. ఆ వారం నేర్పే పాఠం నాలుగేళ్ల క్లాసుల్లో దొరకదు.

తరతరాలుగా చేస్తున్న 'లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్'లో ఈ ప్రశ్న వేసేవాడే లేడు. కస్టమర్ లేడు, మార్పు లేదు, తగువూ లేదు. ఎవడైనా ఒక్కడు కూర్చుని చేసేయొచ్చు. చేసేస్తున్నాడు కూడా.

రెండు భాషల బలం

ఇందులో సరిహద్దు పిల్లలకు కలిసొచ్చేది ఒకటుంది. ఎవరూ పెద్దగా గుర్తించనిదీ అదే. ఆ ఓనరు తెలుగులో మొదలుపెట్టి, లెక్క కన్నడలో చెప్పి, మధ్యలో ఒక ఉర్దూ మాట వేసి ముగిస్తాడు. హోసూరులో అయితే తెలుగు, తమిళం, కన్నడం. బరంపురంలో తెలుగు, ఒడియా. ఇంట్లో ఒక భాష, బళ్లో ఒక భాషగా పెరిగిన పిల్లలకు అదంతా నీళ్లు తాగినంత తేలిక. వాడేవాడి మనసులోని మాటను అతని భాషలో రాబట్టి, ఇంగ్లిషులో రాసిపెట్టడమే రిక్వైర్‌మెంట్స్ పని. సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే ఎక్కువ తప్పులు దొర్లడానికి వీలున్న చోటు కూడా అదే. 'ఇంగ్లిష్ రాదు' అని వెనక బెంచీలో కూర్చునే పిల్ల ఇక్కడ టీమ్‌కు ముందు నిలబడగలదు. ఆ పనికి మార్కులుంటేనే సుమా!

మార్కులు మాత్రం రిపోర్టుకు, పీపీటీకి, వైవాకు. బ్యాచ్‌లో నలుగురికీ దాదాపు ఒకేలా వేయడం చాలాచోట్ల ఆనవాయితీ. ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ, పట్టభద్రుడికి ఉండాల్సిన లక్షణాల్లో బృందంలో పని చేయడాన్ని కూడా చేర్చింది. 2014లో భారత్ వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యురాలైంది కాబట్టి విదేశాల్లోనూ ఈ లెక్కకు విలువుంది. కానీ తనిఖీ బృందం వచ్చినప్పుడు ఫైల్లో ఆ గడి నిండి ఉందా లేదా అన్నదే ముఖ్యమైపోతోంది.

ఎవరేం చేశారో తెలుసుకునే దారి లేక కాదు. 2005లో వచ్చిన గిట్ అనే పరికరం ఉచితమే. ఏ లైను, ఎవరి పేరున, ఏ రోజు చేరిందో అదే దాచిపెడుతుంది. పరీక్షకు ముందురోజు రాత్రి ఒక్కడి పేరుతో మొత్తం కోడ్ చేరిందంటే ఇక చెప్పేదేముంది? అయితే గుడ్డిగా లైన్లు లెక్కపెట్టినా చేటే. కస్టమర్ దగ్గరికి పదిసార్లు తిరిగిన అమ్మాయి పేరున పది లైన్లు కూడా ఉండకపోవచ్చు. ఒకరికొకరిని మార్కులు వేసుకోమంటే స్నేహం కొద్దీ అందరికీ పదికి పది. కాబట్టి గైడ్ అడగక తప్పదు. వైవాలోనే ఒక చిన్న మార్పు చెప్పి, 'నీ పక్కవాడు రాసిన భాగంలో ఇది ఎక్కడ మారుతుంది?' అంటే అరగంటలో అసలు రంగు బయటపడుతుంది. ఏఐతో రాయించుకున్నా ఫర్వాలేదు. రాసిందేమిటో చెప్పగలగాలి.

ఇక్కడ లెక్చరర్ల గోడు కూడా వినాలి. 60 మంది సెక్షన్‌లో నలుగురేసి అంటే 15 బ్యాచ్‌లు. ఒక్కో బ్యాచ్‌తో వారానికి అరగంట కూర్చున్నా ఏడున్నర గంటలు. అది టైమ్‌టేబుల్‌లో క్లాసుగా లెక్కకు రాదు. ఏఐసీటీఈ 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు సీట్ల పరిమితి ఎత్తేశాక కంప్యూటర్ సైన్స్ వైపు తాకిడి మరింత పెరిగింది. సీట్లు పెరిగినంత వేగంగా గైడ్‌లు పెరగరు. కంపెనీలో ఒక్కరోజైనా పని చేయని వాళ్లకు టీమ్ పని నేర్పే బాధ్యత అప్పగించడం కూడా వాళ్ల తప్పు కాదు.

హ్యాకథాన్లు ఉన్నాయి కదా అనేవాళ్లున్నారు. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో టీమ్‌కు ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండాలి. మంచిదే. కానీ ఒకటిన్నర రోజు పోటీలో దౌడు తీయడం వేరు. మూడు నెలల కిందట స్నేహితుడు రాసిన కోడ్‌ను విప్పి బాగుచేయడం వేరు.

ఉద్యోగాల తీరు చూస్తే ఇది ఎంత అవసరమో తెలుస్తుంది. 2023-24లో టీసీఎస్‌లో 13,249 మంది, ఇన్ఫోసిస్‌లో 25,994 మంది ఉద్యోగులు తగ్గారు. వందలమందిని ఒకేసారి తీసుకుని, నెలల తరబడి కూర్చోబెట్టి నేర్పించే కాలం మీద ఇక ధీమా పెట్టుకోలేం. ఇంటర్వ్యూలో 'ప్రాజెక్టులో నువ్వేం చేశావు?' అన్న ప్రశ్న ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు దాని తర్వాత ఇంకో నాలుగు ప్రశ్నలొస్తాయి. కొడుకు చదువుకు అప్పు చేసిన సిరుగుప్ప రైతుకు బైండింగు మీది బంగారు అక్షరాలు ఆ నాలుగింటికీ జవాబు చెప్పిపెట్టవు.

సిలబస్ మార్చాలంటే యూనివర్సిటీ కదలాలి, ఏళ్లు పడుతుంది. ఇంటర్నల్ మార్కులు వేసేది మాత్రం కాలేజీయే. మొదటి రివ్యూలో టైటిల్ బదులు కస్టమర్ ఎవరో అడగడానికి, రెండో రివ్యూకు ఆయన్నే పిలిపించి కూర్చోబెట్టడానికి ఏ సర్క్యులర్ కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. ఊళ్లో రైస్ మిల్లులున్నాయి, మందుల షాపులున్నాయి, పాల సొసైటీలున్నాయి. ఏడో సెమిస్టర్ మొదటి నెలలోనే పిల్లల్ని అక్కడికి పంపితే, పది పీసులు ఎక్కడ పోయాయో వెతకడానికి వాళ్ల చేతిలో ఇంకా ఎనిమిది నెలలుంటాయి.