ఫార్మాట్ కొట్టుడు ఆపుండ్రి, ముందు హార్డ్ డిస్క్ చూడుండ్రి



 పోస్టు పొడుగున్నది. ప్రాజెక్టులు, స్కాలర్‌షిప్ అప్లికేషన్లు మీద పడ్డప్పుడు చెప్పి లాభం లేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నం.

ఆర్మూర్ చుట్టూ ఉన్న మన తండాల్లో, నాయకపోడ్ వాడల్లో ఇంటికి కంప్యూటర్ ఎట్ల వస్తదో అందరికీ ఎరుకే. దుబాయ్ పోయిన అన్న పంపిన పైసలతోని వస్తది. లేకుంటే పసుపు తవ్వకాల్లో, ఉడకబెట్టే కాడ అమ్మా నాయిన చేసిన కూలితోని వస్తది. కొత్తది కొనే స్తోమత ఉండదు. ఏదో ఆఫీసు తీసిపడేసిన డెస్క్‌టాప్ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతది. కొన్ని రోజులు బాగనే నడుస్తది. తర్వాత స్విచ్ వేసి, అన్నం తిని, చెయ్యి కడుక్కొని వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతనే ఉంటయి.

అప్పుడు మనకు రెండు తీర్పులు వినపడతయి. ఒకటి షాపాయనది: "ఫార్మాట్ కొట్టాలె." రెండోది బాగా చదువుకున్నోళ్లది, ఇదే ఎక్కువ గుచ్చుకుంటది: "మీ పిల్లలకు వాడ రాదు, ఏవేవో నొక్కి పాడు చేస్తరు." ఈ రెండు తీర్పులనూ మేము ఒప్పుకోం. ఎందుకంటే తీర్పు చెప్పిన ఏ ఒక్కరూ మిషన్‌ను కొలిచి చూడలేదు.

కొలవకుండా రేటు చెప్తే ఊరుకునే గడ్డ కాదిది. నిజామాబాద్ యార్డుల పసుపు రాశి పోస్తే కాడి వేరు, గోల వేరు, తేమ ఎంత అని చూడాల్సిందే. రేటు నచ్చకపోతే సాంగ్లీ దాకా లారీ ఎక్కించిన రైతులున్నరు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలబడ్డరు, అందులో ఎక్కువ మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఆ రైతుల చేన్లల్లనే కూలి చేసిన ఇంటి పిల్లలం మనం. కంప్యూటర్ షాపు కౌంటర్ కాడికి వచ్చేసరికి మాత్రం ఆయన ఎంతంటే అంత ఇచ్చి వస్తున్నం.

అసలు లోపల జరిగేది ఏందో చెప్తం. పసుపు గోదాము ఒకటి ఊహించుకోండి. బయట కాంటా దగ్గర దడ్వాయి కూర్చున్నడు. చెయ్యి మస్తు వేగం, బస్తా రాంగనే తూకం అయిపోతది. లోపల మాత్రం హమాలీ ఒక్కడే. ఒక రైతు బస్తాలన్నీ ఒక్కకాడ పేర్చి ఉంటే హమాలీ గూడ చకచకా తెస్తడు. అదే ఒక బస్తా ఈ మూల, ఇంకోటి ఆ మూల ఉంటే నడుచుడుకే టైం అంతా పోతది. దడ్వాయి గోళ్లు గిల్లుకుంట కూర్చుంటడు. ప్రాసెసర్ ఆ దడ్వాయి, పాత హార్డ్ డిస్క్ ఆ హమాలీ. విండోస్ మొదలయ్యేటప్పుడు కావలసినవి వేల చిన్న చిన్న ఫైళ్లు, అన్నీ తలా ఒక మూల.

లెక్క గూడ చూద్దాం, ఇందులో దాపరికం ఏమీ లేదు. డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ మామూలుగా నిమిషానికి 7200 చుట్లు తిరుగుతది, అంటే సెకనుకు 120. ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. మనకు కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలె, అంటే 4 మిల్లీసెకన్ల పైన. దానికి ముందు సూది ఆ వరుస మీదికి జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. కలిపితే 12, 13. అంటే సెకనుకు 80 బస్తాలు తెస్తే గొప్ప. పాత ల్యాప్‌టాప్‌లల్ల ఎక్కువగా ఉండే 5400 చుట్ల డిస్క్ అయితే అంతకంటే తక్కువ. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగే సూదీ లేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ గూడ సెకనుకు వేలల్లో, పదివేలల్లో అందిస్తది. 1956లో ఐబీఎం మొట్టమొదటి హార్డ్ డిస్క్ మిషన్ తెచ్చింది, రామాక్ అంటరు, 50 పెద్ద పళ్లేలు పెడితే దాంట్ల పట్టింది 5 మెగాబైట్ల లోపే. అప్పటి నుంచి దాచుకునే జాగా లక్షల రెట్లు పెరిగింది. తిరిగే పళ్లెం, జరిగే సూది మాత్రం అవే. చెల్లె తప్పు నొక్కినందుకు గాదు, పళ్లెం అంతకంటే వేగంగా తిరగదు గనుక మిషన్ ఆగుతున్నది.

మరి ఫార్మాట్ కొడితే కొన్ని రోజులు వేగంగా ఎందుకు నడుస్తది? గోదాము ఖాళీ చేసి మళ్లీ పేర్చినట్టు గనుక. కొత్త విండోస్‌లో స్టార్టప్‌లో లేచే ప్రోగ్రాములు తక్కువ. అప్‌డేట్లు వచ్చి, యాంటీవైరస్ ఎక్కి, నాలుగు యాప్‌లు చేరినంక హమాలీ మళ్లీ అదే నడక. మాకు తెలిసిన ఒక డిగ్రీ చెల్లె మిషన్‌ను ఒకే షాపులో మూడుసార్లు ఫార్మాట్ కొట్టిన్రు. మూడుసార్లూ పైసలు తీసుకున్నరు. మూడోసారి కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ స్కాన్లు, ఇంటర్ మెమో, సగం రాసిన ప్రాజెక్టు అన్నీ పోయినయి. "ముందే చెప్పాలె గదా" అన్నరట. చెప్పాల్సింది ఎవరు? వైద్యుడు కాలు తీసేసి, కాలు కావాలని ముందే చెప్పాల్సింది అన్నట్టుంది. షాపాయనకూ కిరాయి, కరెంటు బిల్లు ఉంటయి, మేము కాదనం. అందుకని రోగం చూడకుండ అందరికీ ఒకటే సూది గుచ్చుడు న్యాయం కాదు.

ఇక కొలుచుడు. ఇది మీ ఇంట్లనే, రూపాయి ఖర్చు లేకుండ అయితది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటది. పర్ఫార్మెన్స్‌లో డిస్క్ చూడండి. ఎచ్‌డీడీయా, ఎస్‌ఎస్‌డీయా అక్కడే రాసి ఉంటది. మిషన్ ఆగినప్పుడు డిస్క్ 100 శాతం దగ్గర, ప్రాసెసర్ పదో ఇరవయ్యో దగ్గర ఉంటే దడ్వాయి ఖాళీ, హమాలీ బిజీ. మెమరీ గూడ 90 దాటి ఉంటే రెండో మాట: ర్యామ్ చాలక విండోస్ తన సామాన్లు డిస్క్ మీద పెట్టి తీస్తున్నది, ఉన్న భారం మీద ఇంకో భారం. 2 జీబీ ర్యామ్ ఉన్నోళ్లకు డిస్క్ మార్చినా పూర్తిగా తీరదు, ర్యామ్ గూడ పెంచాలె. ఇంకో ముచ్చట: స్కాలర్‌షిప్ సైట్ చివరి తారీఖు నాడు తెరుచుకోకపోతే అది సర్వర్ గోల, మీ డిస్క్ మీద వెయ్యకండి.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం: డిస్క్ నిదానమా, చావు బతుకుల మీదుందా? క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రాం ఉన్నది. డిస్క్ తన ఆరోగ్యం తానే రాసుకుంటది, ఇది దాన్ని చదివి చూపిస్తది. నీలం ఉంటే బాగున్నట్టు. పసుపు ఉంటే జాగ్రత్త అన్నట్టు (మనకు పసుపు అంటే శుభం, ఇక్కడ మాత్రం కాదు). 05 వరుస చెడిపోయి పక్కన పెట్టిన జాగాల లెక్క, సి5 వరుస చదవలేక వాయిదా వేసిన జాగాల లెక్క. ఇవి సున్నా దాటి పెరుగుతుంటే ఆ రోజే సర్టిఫికెట్లు, ఫొటోలు, ప్రాజెక్టు పెన్‌డ్రైవ్‌లకో, అన్న ఫోన్‌లకో ఎక్కించాలె. చెక్‌డిస్క్ తర్వాత, ఫార్మాట్ ఇంకా తర్వాత. చావబోయే డిస్క్‌ను గంటల తరబడి గీకితే ఉన్నదీ పోతది. సి7 వరుస పెరుగుతుంటే మాత్రం సంబరపడండి, చాలాసార్లు అది డిస్క్ రోగం కాదు, కేబుల్ వదులు. పవర్ తీసి, కేబుల్ సరిగ్గా గుచ్చండి, లేకుంటే మార్చండి. అదే తెరలో మిషన్ ఎన్ని గంటలు నడిచిందో గూడ ఉంటది. ఏడాదికి 8,760 గంటలు. 40,000 చూపిస్తే నాలుగున్నరేళ్లు ఆగకుండ తిరిగిన డిస్క్ అని అర్థం. "దాదాపు కొత్తది" అని అమ్మినోనికి ఆ అంకె చూపించండి.

కంపెనీలు గూడ తక్కువ తినలేదు. కొన్ని డిస్క్‌లల్ల రాత వరుసలను పెంకుటింటి మీద పెంకుల లెక్క ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తరు, ఎస్‌ఎంఆర్ అంటరు. జాగా ఎక్కువ వస్తది. కాని కింది పెంకు మార్చాలంటే మీది పెంకులు లేపాలె గదా, అట్లనే ఆ డిస్క్‌లో పాత జాగాలో మళ్లీ రాయాలంటే పక్క వరుసలు గూడ తిరిగి రాయాలె. ఎక్కువసేపు రాస్తే అది కుంటుతది. కొనేటోళ్లకు చెప్పకుండనే ఇట్లాంటివి అమ్మిన సంగతి 2020లో బయటపడింది, వెస్టర్న్ డిజిటల్ ఏ మోడళ్లు అట్లాంటివో అప్పుడు జాబితా ఇచ్చింది. ప్రపంచంల ఇంజినీర్లకే చెప్పకుండ దాచిన్రు, మన తండా పిల్లగాడు "వాడ రాక" పాడు చేసిండట!

ఇప్పుడు కొత్త పాట ఒకటి మొదలైంది: "విండోస్ 10 అయిపోయింది, 11 దీంట్ల ఎక్కదు, పడేసి కొత్తది కొను." మొదటి రెండు మాటలు చాలా వరకు నిజమే. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. 11కు టీపీఎం 2.0 కావాలె, పాత ప్రాసెసర్లలో చాలా వాటిని అది ఒప్పుకోదు. మూడో మాట మాత్రం అబద్ధం. అదే మిషన్‌లో 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టి లినక్స్ మింట్ గాని ఉబుంటు గాని ఎక్కిస్తే బ్రౌజర్, అప్లికేషన్లు, ప్రోగ్రామింగ్ అన్నీ నడుస్తయి, పైసా లైసెన్సు ఉండదు. తెలుగులో కంప్యూటర్ వాడకం కోసం హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏండ్ల నుంచి పని చేస్తున్నది. వేలిముద్ర మిషన్ లాంటివి కొన్ని విండోస్ మీదనే నడుస్తయి, అవి కావాలంటే మీసేవకు పోక తప్పదు. ఎస్‌ఎస్‌డీ ధర పసుపు రేటు లెక్కనే పెరిగి తగ్గుతది, మూడు చోట్ల అడగండి. పాత సాటా కేబులే దానికి పడతది, స్క్రూ డ్రైవర్ ఉంటే అరగంట పని.

దాతలకు గూడ ఒక మాట. పాత కంప్యూటర్లు తెచ్చి హాస్టల్లో వరుసగా పెట్టి, దండలు వేసి ఫొటో దిగి పోతున్నరు. ఎండకాలం నడుమ, పసుపు పాలిష్ పట్టే దుమ్ము నడుమ, గడియకోసారి పోయే కరెంటు నడుమ ఆ డిస్క్‌లు ఎన్నాళ్లు ఉంటయి? తర్వాత ల్యాబ్‌కు తాళం, "పిల్లలకు ఆసక్తి లేదు" అని రిపోర్టు. మీరు ఇచ్చేది పది మిషన్లు కాకున్నా సరే, ఐదే ఇవ్వండి, ఐదింట్లో ఎస్‌ఎస్‌డీ పెట్టి ఇవ్వండి. గిరిజన సంక్షేమ హాస్టళ్లకు, గురుకులాలకు కొనే కంప్యూటర్లకైనా ఇదే మాట. కొనే కాయితంలో "1 టీబీ" అని పెద్ద అంకె చూసి మురిసిపోవుడు వద్దు, అది తిరిగే డిస్కా కాదా అడగండి. అధికారి అడగకపోతే మన విద్యార్థి సంఘం వినతిపత్రంలో మెస్ బిల్లు, దుప్పట్ల పక్కన ఈ ఒక్క లైను గూడ రాయాలె.

ఈ వారం చేయాల్సింది: టాస్క్ మేనేజర్ తెర, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెర రెండూ ఫొటో తీసి గ్రూపుల పెట్టండి. డిస్క్ సీరియల్ నంబరు కనపడకుండ చేసి పెట్టండి, పేరు, ఫోన్ నంబరు పెట్టకండి. తెలిసిన అన్నలు చూసి చెప్తరు. షాపుకు పోవుడు తప్పదనుకుంటే సీరియల్ నంబరు ముందే రాసుకోండి, "బ్యాకప్ తీయకుండ ముట్టద్దు" అని బిల్లు మీద రాయించండి, డిస్క్ మారిస్తే పాతది అడిగి ఇంటికి తెచ్చుకోండి. చెడిపోయినా సరే తెచ్చుకోండి, దాంట్ల మీ ఆధార్ ఉన్నది, మీ అమ్మ బ్యాంకు పాస్‌బుక్ ఉన్నది.