వెన్నెల ఎక్కడ పుడుతుంది?

‘మాయాబజార్’ (1957) పడవ పాటలో మనం మురిసిపోయిన వెన్నెల చాలావరకు మద్రాసు స్టూడియో దీపాలదే! వెలిగించింది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. దర్శకుడు కె.వి.రెడ్డి ఎవరో కాదు, మన తాడిపత్రివారు!

మొన్న కొత్తచెరువులో ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ల రెండురోజుల శిక్షణలో ఈ ముక్కే చెప్పాను.

“మా తావ ఎండ తప్ప ఏముంది సార్?” అన్నాడో కుర్రాడు.

నిజమే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ! కానీ ఎండ డబ్బివ్వక్కర్లేని లైటు బాబూ! మిట్టమధ్యాహ్నం కళ్లకింద గుంటలు చేసే ఆ ఎండే, మనిషిని చింతచెట్టు నీడ అంచున నిలబెడితే ముఖాన్ని మెత్తబరుస్తుంది. ఎండలోనే తీయాలా? ఫిల్ము స్పీడు 100, ఎపర్చర్ 16, షట్టరు 125. అంతే!

ఆదివారం ఎండిన శనక్కాయ చేలో ఓ పెద్దాయన్ని చుట్టుముట్టి టకటకా నొక్కేస్తున్నారు.

“నన్ను తీస్తాండారా, నా కరువును తీస్తాండారా?” అన్నాడాయన.

కెమెరాలు దిగాయి. పక్కన కూర్చుని మాట్లాడారు. ఆయన కోరినట్టే ఎద్దుల పక్కన, తలపాగా సర్దుకున్నాక తీశారు. అన్నిట్లో మంచి ఫొటో అదే!

“ప్రింటు ముందు ఆయన చేతికి, తర్వాతే పోటీలకి” అన్నాను. ఏమంటారు?