పేరు మారినా పని మిగిలింది

పెనుకొండ దగ్గరి కియా ప్లాంట్‌ అనగానే మన సీమ కుర్రాళ్లకు కార్లే గుర్తొస్తాయి. కానీ 1944లో కొరియాలో ఆ కంపెనీ మొదలైంది ఉక్కు గొట్టాలు, సైకిల్‌ విడిభాగాలతో. 1997లో అప్పుల్లో మునిగింది. మరుసటి ఏడాదే హ్యుందాయ్‌ చేతికి వెళ్లింది. అయినా పేరు నిలబడింది. 2019లో మన దగ్గర సెల్టోస్‌ తయారీ మొదలుపెట్టింది.

హైదరాబాద్‌ ఆల్విన్‌ది ఇంకో దారి. 1942లో పుట్టి బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, వాచీలు, స్కూటర్లు తయారుచేసింది. నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో తేలికపాటి ట్రక్కులు తెచ్చింది. 1989లో ఆ యూనిట్‌ మహీంద్రా చేతికి వెళ్లింది. ట్రక్కుల మీద ఆల్విన్‌ పేరు పోయింది. జహీరాబాద్‌లో వాహనాల తయారీ మాత్రం ఇంకా నడుస్తోంది.

ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డల్లో డిప్లొమా, బీటెక్‌ చేసి కోర్‌ జాబ్‌ వెతుక్కుంటున్నవాళ్లు గమనించాల్సింది ఇదే. ఇంజిన్‌ పోయి బ్యాటరీ వస్తున్న ఈ రోజుల్లో ఏ పేరు నిలుస్తుందో చెప్పలేం. వెల్డింగ్‌ రోబోలు, టూల్‌ డిజైన్‌, క్వాలిటీ తనిఖీ లాంటి పనులు చేతికొస్తే బోర్డు మారినా ఇంకో గేటు తట్టొచ్చు. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు కంపెనీ చరిత్ర చదవండి. అది ఎప్పుడు, ఎందుకు దారి మార్చుకుందో చూడండి. రేపు ఏ పని అడుగుతుందో అక్కడే తెలుస్తుంది.