ఇంటిని లాగే బండి

అమెరికాలో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు కొందరు ‘ఫిఫ్త్ వీల్’ అనే పెద్ద ప్రయాణగృహాన్ని కొని రాష్ట్రాలు తిరుగుతూ ఉంటారు. పడకగది, వంటగది, నిలిపినచోట పక్కకు జరిగి విశాలమయ్యే గోడలు చూచి కొత్తవారు మురిసిపోవడం సహజమే. కాని మొదట చూడవలసినది ఇల్లు కాదు, దానిని లాగే పికప్ ట్రక్కును.

మామూలు ట్రెయిలరు ట్రక్కు వెనుక కొక్కేనికి తగులుకొని వస్తుంది. ఫిఫ్త్ వీల్ ముందుభాగమో, ట్రక్కు తొట్టిలో వెనుక ఇరుసుకు పైగా బిగించిన పట్టు మీద కూర్చుంటుంది. అందుచేత నడకలో నిలకడ ఎక్కువ, భారమూ ఎక్కువే. మొత్తం బరువులో సుమారు ఐదోవంతు ట్రక్కు మోయవలసి ఉంటుంది. ట్రెయిలరు 7,000 కిలోలైతే 1,400 కిలోలన్నమాట! బిగింపు పరికరం, మనుషులు, సామాను దీనికి అదనం. ట్రక్కు ఎంత లాగగలదో అమ్మకందారు ఉత్సాహంగా చెబుతాడు. ఎంత మోయగలదో డ్రైవరు తలుపు వద్ద అంటించిన చీటీలో మీరే చదువుకోవాలి. ఆ హద్దు మీరినదని కొండ దిగుడుదారిలో బ్రేకులు కాగినప్పుడు తెలిసి ప్రయోజనం లేదు.

వివరపత్రంలోని ‘ఖాళీ బరువు’ను నమ్మరాదు. 200 లీటర్ల నీరే 200 కిలోలు. ఆపై గ్యాసు, గిన్నెలు, మనవారైతే ఆవకాయ జాడీలు. అనుమతించిన గరిష్ఠ బరువుతోనే లెక్క కట్టవలెను.

40 అడుగుల బండికి పాత జాతీయోద్యానవనాల విడిదులలో చాలాచోట్ల తావు దొరకదు. పాతబండి కొనేవారు గోడల మూలలను వేలితో నొక్కి చూడాలి. మెత్తగా దిగితే లోపలి చెక్క నానినదని అనుమానించి, బయానా ఇవ్వకుండా వెనుదిరగండి.