క్లచ్ ప్లేటు ఇంటి ముందర మార్చాల్నా, షాపుల ఇయ్యాల్నా

పోయిన నెల కుట్టుమిషన్ల దారం చిక్కుపడే సంగతి రాసిన. అది చదివి షోలాపూర్ దత్తనగర్ నుంచి ఒక కోడలు పిల్ల చీటీ పంపింది. "కాకా, మా ఇంటాయన పాత మారుతి వ్యాను కొన్నడు. క్లచ్ పోయిందట. షాపుల నాలుగైదు వేలు అడుగుతున్నరని, తానే ఇంటి ముందర మారుస్తనని పానాలు కొనుక్కొచ్చిండు. కానియ్యాల్నా, వద్దనాల్నా?" అని అడిగింది.

జవాబు ఒక్క మాటల చెప్పొచ్చు. కానీ ఒక్క మాట చెప్తే మొగోళ్లు వినరు. నేను కూడా వినలేదు. అందుకని నాలుగేండ్ల కింద మా మేనల్లుని వ్యానుకు మేము చేసిన పని మొత్తం రాస్తున్న. అందుల నా తప్పే ఎక్కువ.

ముందుగాల క్లచ్ అంటే ఏందో చెప్త. మగ్గం మీద పని చేసినవాళ్లకు ఇది చెప్పుడు అల్కగ ఉంటది. పాత సాదా మగ్గానికి పక్కన రెండు పుల్లీలు ఉండేవి, ఒకటి లూజ్, ఒకటి ఫాస్ట్. పట్టా లూజ్ పుల్లీ మీద ఉన్నంతసేపు మోటరు తిరిగినా మగ్గం కదలదు. హ్యాండిల్ గుంజితే పట్టా ఫాస్ట్ పుల్లీ మీదికి జరుగుతది, మగ్గం నడుస్తది. బండిల క్లచ్ చేసే పని కూడా ఇదే. ఇంజను తిరుగుతనే ఉండాలె, చక్రాలు మనం అన్నప్పుడే తిరగాలె. పట్టా బదులు అక్కడ ఒక గుండ్రటి ప్లేటు ఉంటది. ఇంజను వెనుక ఫ్లైవీల్ అని ఒక బరువైన చక్రం, దానికి ఆనుకొని ఈ ప్లేటు, ప్లేటును అదిమి పట్టడానికి స్ప్రింగు ఉన్న మూత. ఆ మూతను ప్రెషర్ ప్లేటు అంటరు. కాలుతోని పెడల్ తొక్కితే ఒక బేరింగు వచ్చి ఆ స్ప్రింగును నొక్కుతది, ప్లేటు పట్టు విడుస్తది. కాలు తీస్తే మళ్ల పట్టుకుంటది. పట్టా అరిగితే మగ్గం ఎట్ల నెమ్మదిస్తదో, ప్లేటు అరిగితే బండి అట్లనే జారుతది. ఇంజను మొత్తుకుంటది, బండి ముందుకు పోదు.

సామాను చిన్నదే, రెండు చేతులల్ల పడుతది. కష్టం ఏందంటే అది ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ కూర్చొని ఉంటది. దాని దగ్గరికి పోవాలంటే గేర్‌బాక్సు మొత్తం కిందికి దించాలె. ఓమ్ని వ్యానుకు ఇంజను ముందు సీట్ల కింద ఉంటది, సీటు లేపితే కనబడుతది. దాన్ని చూసి అందరూ "ఇంతేనా" అనుకుంటరు. గేర్‌బాక్సు మాత్రం బండి కింద వెల్లకిల పడుకుంటేనే అందుతది. వెనుక చక్రాలకు పోయే పొడుగు షాఫ్టు ఊడదీయాలె, గేర్ ఆయిల్ ఒంపాలె, స్టార్టరు, కేబుళ్లు, గేరు రాడ్లు తీయాలె. ఆ తర్వాత బోల్టులు.

మా మేనల్లుడు తువ్వాళ్లు, చాదర్లు వ్యానుల వేసుకొని బార్శీ, పంఢర్‌పూర్, తుల్జాపూర్ తిరిగి అమ్ముతడు. ఇల్లు నడిచేది ఆ బండి మీదనే. ఈ కథకు ముందు ఏడాది కూడా బండి కొంచెం జారింది. ఒక షాపాయన చూసి "క్లచ్ మొత్తం పోయింది, ఐదు వేలైతది" అన్నడు. నేను పోయి పెడల్ చేతితోని నొక్కి చూసిన. పైనుంచి కొంత దూరం ఉత్తగనే దిగాలె, ఆ తర్వాతే బరువు తగలాలె. ఆ వదులు అసలే లేదు. ప్లేటు అరుగుతున్నకొద్ది ఆ వదులు తగ్గుకుంట వస్తది. చివరికి మనం కాలు పెట్టకున్నా బేరింగు స్ప్రింగును నొక్కుతనే ఉంటది, ప్లేటు పూర్తిగ పట్టుకోదు. కేబులు చివర ఒక నట్టు ఉంటది. దాన్ని తిప్పి కొంచెం వదులు ఇచ్చిన. పది నిమిషాల పని. బండి ఇంకో ఏడాది నడిచింది. మా మేనల్లుడు "మామా, నువ్వు ఉండంగ మనకు షాపెందుకు" అన్నడు. ఆ మాట నా నెత్తికెక్కింది.

మిల్లు బందయి ఇంటికొచ్చినప్పుడు మనకు మిగిలింది చేతుల పని ఒక్కటే కదా. రావాల్సిన పైసలు సగం రాలేదు, వచ్చినవి బిడ్డ పెండ్లికి పోయినయి. అప్పటినుంచి ఫ్యాను గాని, పంపు గాని షాపుకు పోకుండ బాగు చేస్తే ఆ రోజు తిన్న అన్నం రుచే వేరు. ఇది మీకు కొత్తగ చెప్పేది లేదు, మీ ఇండ్లల్ల కూడా ఇట్లాంటి ముసలోడు ఒకడు ఉంటడు.

మరుసటేడు నవరాత్రులకు నెల ముందు బండి మళ్ల జారింది. ఈసారి కేబులుకు వదులు ఉంది, అయినా జారుతుంది. ప్లేటు పోయిందని తేలింది. సామాన్ల దుకాణంల ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ కలిపి సెట్టు 2300 అన్నడు. ఉత్త ప్లేటైతే 950. దుకాణమాయన "గేర్‌బాక్సు దించుతున్నరు కదా, సెట్టే వేయండి" అని చెప్పిండు. అమ్ముకునేటోడు అట్లనే అంటడని నేను ప్లేటు ఒక్కటే తెచ్చిన.

గల్లీల ఇంటి ముందర పని పెట్టినం. బండితో వచ్చిన చిన్న జాకీతోని ముందటి భాగం లేపి, రెండు పక్కల సిమెంటు ఇటుకలు పేర్చినం. మిల్లుల, ఆ తర్వాత కార్ఖానల కలిపి ముప్పై ఐదేండ్లు పనిచేసిన. మోటరు బందు చేయకుండ మగ్గంల చెయ్యి పెట్టిన పోరలను నేనే కొట్టిన. అసొంటి నేను, బండి కింద ఇటుకలు పెట్టి మా అక్క కొడుకును పండబెట్టిన.

(మా అక్కకు ఈ పత్రిక ఎవరో ఒకరు చదివి వినిపిస్తరు. వినిపించేవాళ్లు దయచేసి ఈ కింది ముక్క విడిచిపెట్టండి.)

సాయంత్రం నాలుగైంది. గేర్‌బాక్సు దిగింది, నేల మీద ఉంది. పిల్లవాడు కింద పండుకొని బోల్టు విప్పుతున్నడు. పానా జారి పక్క మోరీల పడ్డది. తీసుకుందామని బయటికి జరిగి లేచిండు. నేను "ఇంకో పానా ఇస్త, ఆగు" అంటుండంగనే పట్‌మని చప్పుడైంది. కుడిపక్క ఇటుక పలిగి పొడైంది. బండి ఒక్కసారి వొంగి వచ్చి గేర్‌బాక్సు మీద కూర్చుంది. పిల్లవాని తల ఉన్న జాగల ఇప్పుడు బండి అడుగు ఉంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నం, మాట రాలేదు. లోపలినుంచి మా ఇంటామె "ఏమైంది" అంటే "ఏం లేదు, టైరు" అని చెప్పిన. సిమెంటు ఇటుక గోడల బాగనే ఉంటది, బండి బరువు ఒక్క మూల పడితే మాత్రం పగులుతది. అందుకే షాపులల్ల ఇనుప స్టాండ్లు పెడుతరు.

అక్కడనే ఆపాలె. ఆపలేదు. పక్క గల్లీల ఒకాయన దగ్గర స్టాండ్లు అడుక్కొచ్చి రెండో రోజు మళ్ల మొదలుపెట్టినం. పాత ప్లేటు దుమ్మును నోటితోని ఊది తుడిచినం. అది కూడా తప్పే. పాత ప్లేట్ల పూతల ఆస్బెస్టాస్ కలిపేటోళ్లు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. తడి బట్టతోని తుడవాలె. కార్డింగ్ ఖాతల పత్తి దుమ్ము మింగి దగ్గుకుంట పోయిన మనోళ్లను కండ్లార చూసిన, నాకన్నా తెలిసి ఉండాలె.

కొత్త ప్లేటు పెట్టినంక గేర్‌బాక్సు ఎక్కదు. గేర్‌బాక్సు ముందర పొడుచుకొని వచ్చిన షాఫ్టు ప్లేటు నడిమి పండ్లల్ల సరిగ్గ దూరాలె. ప్లేటు నడుమకు వచ్చిందా లేదా అని చూడడానికి ఒక చిన్న కడ్డీ ఉంటది, మేము కంటి అందాజుతోని పెట్టినం. పిల్లవాడు గేర్‌బాక్సు పొట్ట మీద పెట్టుకొని రెండు గంటలు తోసిండు. ఆఖరికి బోల్టులు బిగించుకుంట గుంజినం. గేర్‌బాక్సు బరువంతా అంతసేపు ఆ ప్లేటు మీదనే వేలాడింది. అట్ల వేలాడితే ప్లేటు వంగుతదని నాకు అప్పుడు తెలియదు. మూడో రోజు రాత్రికి బండి కదిలింది. కదిలేటప్పుడు జల్లెడ పట్టినట్టు వణికింది. "కొత్తది కదా, సర్దుకుంటది" అన్న.

నవరాత్రులల్ల తుల్జాపూర్ల అమ్మవారి దగ్గరికి జనం ఎట్ల వస్తరో మీకు తెలుసు. పిల్లవాడు అప్పు తెచ్చి చాదర్లు నింపుకొని పోయిండు. ఘాటు ఎక్కేటప్పుడు సగంల బండి జారుడు మొదలుపెట్టింది. కాలిన వాసన, పొగ. బండి పక్కకు పెట్టి, 1200 ఇచ్చి టెంపోల సరుకు పైకి చేర్చిండు. రెండు రోజుల మంచి బేరం పోయింది. ఫోన్ల నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండు.

బండిని గుంజుకొచ్చి షాపుల పెట్టినం. ఆ మిస్త్రీ నాకంటే పదేండ్లు చిన్నోడు, కింద గుంత ఉంది, గేర్‌బాక్సు దించే జాకీ ఉంది, ఒక పోరడు సాయం ఉన్నడు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నానికి ముందే దించిండు. నన్ను గుంతలకు పిలిచి లైటు పట్టి చూపించిండు. "చూడు కాకా, ప్లేటు అరగలేదు, నూనె తాగింది." ఇంజను వెనుక క్రాంకు షాఫ్టు చుట్టూ ఒక రబ్బరు సీలు ఉంటది. అది గట్టిపడి, ఇంజను ఆయిలు కారి ఫ్లైవీల్ మీద పడుతుంది. అసలు మొదటి ప్లేటు కూడా అరిగి పోలేదు, ఆ నూనెకే జారింది. మేము కొత్త ప్లేటు తెచ్చి అదే నూనెల పెట్టినం. సీలు ధర 180 రూపాయలు. మేము గేర్‌బాక్సు దించినప్పుడు ఆ సీలు మా మొఖానికి జానెడు దూరంల ఉంది. నల్లగ తడి ఉంటే పాత మురికి అనుకున్నం.

లెక్క చెప్త. మేము చేసినప్పుడు ప్లేటు 950, గేర్ ఆయిలు 350, కొత్త పానా 120, మొత్తం 1420. బండి మూడు రోజులు నిలబడ్డది, రోజుకు ఏడు వందలు వేసుకున్నా 2100. టెంపో కిరాయి 1200. కలిపితే 4720, తుల్జాపూర్ల పోయిన బేరం ఇందుల లేదు. షాపుల సెట్టు 2300, సీలు 180, గేర్ ఆయిలు 350, కూలి 1500, కలిపి 4330. ఇది ఒక్కటే అయితే అక్కడికే సరిపోవు, మేము రెండూ కట్టినం. ఇవి నాలుగేండ్ల కిందటి ధరలు.

ఇగ బిడ్డా, నీ మాటకొస్త. మీ ఇంటాయన కొన్న పానాలు వృథా పోవు. ముందుగాల ఖాళీ సమతలం రోడ్డు మీద పెద్ద గేరుల కొంచెం వేగంగ పోతూ యాక్సిలేటరు గట్టిగ తొక్కి చూడుమను. ఇంజను చప్పుడు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. అప్పుడు పెడల్ వదులు చూడాలె. వదులు లేకుంటే కేబులు నట్టు తిప్పాలె, ఇది ఎవరైనా చేసుకోవచ్చు, దీనికి షాపు వద్దు. గేర్లు వేసేటప్పుడు గరగర అంటే వదులు మరీ ఎక్కువైంది కావచ్చు, అది కూడా ఆ నట్టుతోనే సరిచేయొచ్చు. పెడల్ తొక్కినప్పుడే గీర అని చప్పుడొస్తే బేరింగు. రాత్రి బండి కింద ఒక అట్టముక్క పరిచి పెట్టుమను. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసేకాడ నూనె చుక్కలు పడితే సీలు సంగతి ముందే తెలుస్తది.

ఇవన్నీ చూసినంక కూడా ప్లేటే అని తేలితే షాపుకు పంపు. సెట్టు, సీలు, ఆయిలు, కూలి వేరువేరుగ ఎంతో ముందే మాట్లాడుకొమ్మను. గేర్‌బాక్సు దించినంక పిలువుమని చెప్పి, పోయి కండ్లతోని చూసి రమ్మను. పాత సామాను ఇంటికి తెచ్చుకొమ్మను. మంచి మిస్త్రీ చూపించడానికి ఎనుకాడడు, చూపియ్యనోని దగ్గర బండి పెట్టొద్దు.

లేదు, నేనే చేస్త అని మొండికేస్తే ఇనుప స్టాండ్లు, గట్టి నేల, సాయానికి ఇంకో మనిషి, ప్లేటు నడుమకు తెచ్చే కడ్డీ, బండి లేకున్నా గడిచే మూడు రోజులు ఉన్నయా అని అడుగు. ఉంటే చేయనియ్యి, బ్యాటరీ వైరు తీయుమని గుర్తుచెయ్యి. ఇటుకలు కనబడితే మాత్రం ఆ పానాలు తీసుకపోయి దాచిపెట్టు, నా పేరు చెప్పు.

మా మేనల్లుని బండి ఇప్పటికీ నడుస్తుంది. ఆ వంగిన ప్లేటు మా ఇంట్ల నీళ్ల కుండ కింద ఉంది, ఇంటామె తీయనిస్తలేదు.

వచ్చే నెల బోరు మోటరు నీళ్లు గుంజకుంటే ఏం చూడాల్నో రాస్త. దాని మీద ముగ్గురు అడిగిండ్రు.