వాడినా వాడని తోరణం

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో దసరా మీటింగ్ జరిగింది. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్ళే దారిలో, మెయిన్ రోడ్డుకి రెండు సందులు లోపల మా బిల్డింగు. మొత్తం 24 ఇళ్ళు. చందాలు, లైటింగు అయ్యాక డెకరేషన్ సంగతి వచ్చింది. సెక్రటరీ గారు ఫోన్లో ఫొటోలు చూపించారు. ప్లాస్టిక్ బంతిపూల దండలు, ప్లాస్టిక్ మామిడాకుల తోరణాలు, గేటుకి అటొకటి ఇటొకటి ప్లాస్టిక్ అరటిచెట్లు. "బేగంబజార్లో హోల్‌సేల్‌గా తెచ్చేద్దాం. ఒక్కసారి ఖర్చు పెడితే ఐదేళ్ళు చూసుకోనక్కర్లేదు" అన్నారు. అందరూ తలూపారు. నేను మాత్రం వద్దన్నాను.

"మీకేం అక్కా, ఇంట్లోనే ఉంటారు, టైముంటుంది" అంది మా పై ఫ్లోర్ అమ్మాయి. పాపం ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అంది. రోజూ మెట్రోలో హైటెక్ సిటీ వెళ్ళొచ్చే పిల్ల. అక్కడ నాకు జవాబు తట్టలేదు. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే ఒక్కొక్కటే తట్టాయి. వచ్చే ఆదివారం మళ్ళీ మీటింగ్ ఉంది కాబట్టి అవన్నీ ఇక్కడ రాసుకుంటున్నాను. మీ బిల్డింగులోనూ ఇదే గొడవ నడుస్తుంటే మీకూ పనికొస్తాయి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. మా గుమ్మానికీ ఏళ్ళ తరబడి ప్లాస్టిక్ తోరణమే ఉండేది. కొన్నది నేనే. మా అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు రాక ముందు ప్రతి పండక్కీ ఆవిడే కింద కూర్చుని ఆకులు గుచ్చి తోరణం కట్టేవారు. ఆవిడకి చేతకాకపోయాక ఆ పని నా మీద పడింది. పిండివంటలు, పూజ సామాను, వచ్చేపోయే చుట్టాల మధ్యలో ఇదొకటా అనిపించి, 150 రూపాయలు పెట్టి ప్లాస్టిక్‌ది తెచ్చి మేకుకి తగిలించేశాను. ఆకుపచ్చ ఆకులు, మధ్యలో పసుపు పూలు, అంచుకి బంగారు రంగు లేసు. అత్తయ్య ఏమీ అనలేదు. కానీ ప్రతి పండగనాడూ ఎవరో ఒకరి చేత రెండు మామిడాకులు తెప్పించుకుని తలుపు గొళ్ళేనికి గుచ్చేవారు. చాదస్తం అనుకున్నాను.

మూడేళ్ళ క్రితం మాఘమాసంలో ఆవిడ పోయారు. ఆవిడని ఆ తోరణం కిందనుంచే తీసుకెళ్ళాం. ఆ హడావిడిలో, ఆ ఏడుపుల్లో మాలో ఎవ్వరం పైకి చూడలేదు. మూడోరోజు, సూర్యాపేట నుంచి వచ్చిన మా ఆయన మేనత్త గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ పైకి చూసి, "గా తోరణం ఇంకా తియ్యలేదా బిడ్డా?" అంది. అంతే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. మనిషి పోయిన ఇంట్లో ఏడాది పాటు పండగ చెయ్యం, తోరణం కట్టం. మా ఇంట్లో అంత దుఃఖం ఉంటే, మా గుమ్మం మూడు రోజుల పాటు వచ్చిన ప్రతివాళ్ళకీ పండగని చెప్పింది.

మీరు అనచ్చు, మామిడాకుల తోరణం మాత్రం పండగ మర్నాడే ఎవరు తీస్తున్నారని. నిజమే. మేమూ తీసేవాళ్ళం కాదు. ఎండి, చుట్టుకుపోయి, వచ్చే పండగ దాకా వేలాడుతూనే ఉండేది. కానీ దాన్ని చూస్తే ఎండిందని తెలుస్తుంది. పండగ అయిపోయిందని, మళ్ళీ వస్తే కొత్తది కట్టాలని తెలుస్తుంది. ప్లాస్టిక్‌ది చూస్తే ఏమీ తెలీదు. దానికి సంక్రాంతి ఒకటే, సంతాపం ఒకటే. కొన్ని రోజులయ్యాక మనం దాన్ని చూడటం కూడా మానేస్తాం. కంటికి కనపడని అలంకరణ అలంకరణ ఎలా అవుతుంది?

డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి ఒక్క మాట చెప్పాలి. "నిత్యకల్యాణం పచ్చతోరణం" అంటాం కదా. ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకే తోరణం ఉంటుందని కాదు దాని అర్థం. ఎప్పటికప్పుడు కొత్త ఆకు తెచ్చి కట్టే మనుషులు, కట్టడానికి ఓ సందర్భం ఆ ఇంట్లో ఉన్నాయని. తోరణం పచ్చగా ఉందంటే ఎవరో మార్చారని. మనం ఆ మాటని అక్షరాలా తీసుకుని, ఎవరూ మార్చక్కర్లేని పచ్చదనాన్ని కొనుక్కొచ్చుకున్నాం. ఎన్నేళ్ళు వాడినా వాడదు. అదే దాని గొప్ప అని అమ్మేవాళ్ళు అంటారు. నాకు అదే దాని లోపం అనిపిస్తుంది.

ఇక టైము సంగతి. పోయిన ఉగాదికి గడియారం చూసుకుని మరీ కట్టాను. 21 ఆకులు కడిగి, తుడిచి, గుచ్చి, మేకులకి కట్టడానికి 18 నిమిషాలు పట్టింది. తెలియని పిల్లలు ఎవరైనా చదువుతుంటే చెప్తున్నాను, ఇందులో విద్యేమీ లేదు. గుమ్మం వెడల్పుకి జానెడు ఎక్కువగా పురికొస తీసుకోండి. ఆకు తొడిమ వైపు పురికొస మీదుగా వెనక్కి మడిచి, కొబ్బరి ఈనె ముక్కతో గుచ్చండి. కొనలు కిందికి ఉండాలి. కొత్త కొబ్బరి చీపురు నుంచి నాలుగు ఈనెలు తీసి తుంచుకుంటే చాలు. నాలుగు ఆకులకో బంతిపువ్వు కావాలంటే పెట్టుకోండి, లేకపోతే లేదు. పూలదండ కట్టాలంటే అరటినార తడిపి కట్టండి, నైలాన్ దారం అక్కర్లేదు.

మరి ప్లాస్టిక్ తోరణానికి టైము పట్టదా? మన పంజాగుట్ట ట్రాఫిక్ దుమ్ముకి రెండు నెలల్లో నల్లబడుతుంది. పండగ ముందు దాన్ని దింపి, సర్ఫు నీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో ఆకు ఆకూ రుద్ది, ఆరబెట్టి, మళ్ళీ స్టూలెక్కి తగిలించాలి. నేను చేశాను కాబట్టి చెప్తున్నాను, ముప్పావుగంట పని. అదీ మనమే చెయ్యాలి. దాన్ని మాత్రం ఎవరూ పని కింద లెక్కెయ్యరు.

డబ్బు లెక్కా చూద్దాం. అమీర్‌పేట మార్కెట్ సందులో పండగ ముందురోజు నేను కొన్న మామిడాకుల కట్ట 20 రూపాయలు. ఉగాది, శ్రీరామనవమి, వరలక్ష్మీవ్రతం, వినాయక చవితి, దసరా, దీపావళి, సంక్రాంతి. ఏడు పండగలకి 140. ప్లాస్టిక్‌ది ఐదేళ్ళు వస్తే అదే చవక, కాదనను. కానీ ఈ 140 రూపాయలు ఎవరికి వెళ్తున్నాయో కూడా చూడాలి కదా. తెల్లారకముందే మూట దించుకుని ఫుట్‌పాత్ మీద కూర్చునే ఆడమనిషికి వెళ్తున్నాయి. చేవెళ్ళ, శంకర్‌పల్లి, మొయినాబాద్ వైపు నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి బంతి, చామంతి తెచ్చే రైతులకి సంవత్సరంలో మంచి రేటు దొరికేదే ఈ నాలుగు పండగల్లో. ఆ నాలుగు రోజులూ మనం ప్లాస్టిక్ బంతి కట్టుకుంటే వాళ్ళు పూలు ఎవరికి అమ్ముకోవాలి?

చెట్లు పాడైపోతాయి అన్నవాళ్ళు కూడా ఉన్నారు మీటింగ్‌లో. ఈ మాటలో న్యాయం ఉంది. పండగ ముందురోజు మామిడి కొమ్మలు విరగ్గొట్టి లాక్కుపోవడం నేనూ చూశాను. గుమ్మానికి 11 ఆకులు చాలు, కట్ట మొత్తం అక్కర్లేదు, పక్కింటివాళ్ళతో పంచుకోండి. మామిడే కావాలని పట్టు కూడా వద్దు. మా కాంపౌండ్ గోడ పక్కనే అశోక చెట్లు వరసగా ఉన్నాయి. నరమామిడి అంటాం చూడండి, అవే. ఎలాగూ వాచ్‌మన్ ఏడాదికి రెండుసార్లు కొమ్మలు కొట్టి చెత్తబండిలో వేస్తాడు. ఆ కొట్టడం ఏదో పండగ ముందురోజు కొడితే 24 గుమ్మాలకీ తోరణాలవుతాయి. పైసా ఖర్చు లేదు.

నా వైపు మాట్లాడేవాళ్ళతో కూడా నాకో పేచీ ఉంది. మామిడాకులు కడితే ఆక్సిజన్ వస్తుందని మా వాట్సాప్ గ్రూపులో ప్రతి ఉగాదికీ ఒక మెసేజ్ తిరుగుతుంది. తెంపి గుమ్మానికి వేలాడదీసిన పదకొండు ఆకులు ఇంటిల్లిపాదికీ ఏం ఆక్సిజన్ ఇస్తాయండీ? అలాంటి సాకులు మనకెందుకు? బాగుంటుంది కాబట్టి కడదాం. మన పెద్దవాళ్ళు కట్టారు కాబట్టి కడదాం. అది చాలదా?

ఇంకోటి. ఈ మధ్య శ్రావణ శుక్రవారాలకి "ఎకో ఫ్రెండ్లీ" డెకరేషన్ పేరుతో అరటాకులు చాపలా అల్లిన బ్యాక్‌డ్రాప్, గంపలకొద్దీ తామరపూలు, కొబ్బరాకు చిలకలు పెట్టి, ఫొటోగ్రాఫర్‌ని పిలుస్తున్నారు. చేసుకోగలిగినవాళ్ళు చేసుకోండి, కానీ అదే ప్రమాణం అని మాత్రం చెప్పకండి. దాన్ని చూసి హడిలిపోయే కదా మామూలు ఇల్లాలు ప్లాస్టిక్ వైపు పరిగెత్తేది! గుమ్మానికి పదకొండు ఆకులు, వాకిట్లో బియ్యప్పిండితో చిన్న ముగ్గు, రెండు మట్టి ప్రమిదలు. అంతే. ఆ ముగ్గు సాయంత్రానికి చీమలు తినేస్తే తిననివ్వండి. స్టిక్కర్ ముగ్గు గీకడానికి పట్టే టైములో పది ముగ్గులు వెయ్యచ్చు.

ఇదంతా ప్రభుత్వం చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో డెకరేషన్‌కి వాడే థర్మాకోల్ ఉంది, బెలూన్లకి కట్టే ప్లాస్టిక్ పుల్లలున్నాయి, ప్లాస్టిక్ జెండాలున్నాయి. ప్లాస్టిక్ పూలు, తోరణాలు ఆ జాబితాలో లేవు. 2020 మేలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విగ్రహాల అలంకరణకి ఎండిన పూలు, గడ్డి లాంటివి వాడమని చెప్పింది. చెప్పింది సరే, గుమ్మం మనది, నిర్ణయమూ మనదే. ఐదేళ్ళ తర్వాత ఆ 24 తోరణాలూ జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే కదా పోయేది? అక్కడ కూడా పచ్చగానే ఉంటాయి.

అన్నిటికంటే నాకు ఆశ్చర్యం ఏమిటంటే, ఇదే బిల్డింగులో ఇదే ఆడవాళ్ళం సద్దుల బతుకమ్మకి తంగేడు పువ్వు కోసం పొద్దున్నే మార్కెట్‌కి పరిగెడతాం. గుప్పెడు తంగేడుకి ఎంత చెప్పినా కొంటాం. గునుగు కట్టలు, బంతి, చామంతి, గుమ్మడి పువ్వు తెచ్చి గంటలకొద్దీ పేరుస్తాం. ఆడి పాడి, ఆ రాత్రే నీళ్ళలో వదిలేసి వస్తాం. ఐదేళ్ళొస్తుంది, ప్లాస్టిక్ బతుకమ్మ కొనేద్దామని మీటింగ్‌లో ఎవరైనా అంటే ఊరుకుంటామా? పోయేదని తెలిసే కదా అంత ప్రేమగా పేరుస్తాం. మరి ఆ బతుకమ్మని ఎత్తుకుని మనం బయటికొచ్చే గేటుకి మాత్రం ప్లాస్టిక్ దండలా?

ఇక "మీకు టైముంటుంది" అన్న మాట. అమ్మాయీ, నువ్వన్నదాంట్లో నాకు నచ్చనిది ఇదే. తోరణం ఆడవాళ్ళ పని అని, అందులోనూ ఇంట్లో ఉండే ఆడవాళ్ళ పని అని నువ్వూ నేనూ ఇద్దరం అనుకున్నాం. అందుకే నువ్వు ప్లాస్టిక్ అన్నావు, అందుకే ఒకప్పుడు నేనూ కొన్నాను. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆకులు కోసుకొచ్చేది మా నాన్న, మడిచి ఇచ్చేది పిల్లలం, కట్టేది మా అన్నయ్య. అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చి "కుడివైపు కిందికుంది" అని చెప్పేది, అంతే. ఆ పని అందరిదీ. అందరూ చేతులు దులుపుకున్నాక మనిద్దరి మీదే పడింది. దానికి మందు ప్లాస్టిక్ కాదు, ఆ చేతుల్ని మళ్ళీ పిలవడం. అత్తయ్య ఏడాది తీరాక మా ఇంట్లో తోరణం కట్టేది మా ఆయన, మా అబ్బాయి. వంకరగానే కడతారు. నేను సరిచెయ్యను.

కాబట్టి వచ్చే ఆదివారం నేను చెప్పబోయేది ఇది. దసరా ముందురోజు సాయంత్రం ఆరింటికి వాచ్‌మన్ చేత అశోక కొమ్మలు కొట్టిద్దాం. ప్రతి ఇంటినుంచీ ఒక మగమనిషో, ఓ పిల్లాడో పిల్లో కిందికి రావాలి. ఆడవాళ్ళు వస్తే సంతోషం, రాకపోయినా పర్వాలేదు. అరగంటలో 24 గుమ్మాలకీ, గేటుకీ అయిపోతుంది. డెకరేషన్‌కి పక్కన పెట్టిన డబ్బుతో గేటుకి నిజం బంతిపూలు కొందాం.

ఒప్పుకుంటారో లేదో తెలీదు. ఒప్పుకోకపోతే మా ఒక్క గుమ్మానికే కట్టుకుంటాం. ఒప్పుకుంటే మాత్రం పురికొస, ఈనెలు నేనే తెస్తాను.